ఇంకా ఎన్ని బైట్లు మిగిలాయన్నా?

మొన్న శుక్రవారం సాయంత్రం ఇంటికి బయల్దేరబోతుంటే, మా టీములో కొత్తగా చేరిన కుర్రాడు నా కుర్చీ పక్కకొచ్చి నిలబడ్డాడు. "అన్నా, స్ట్రీములో ఇంకా ఎన్ని బైట్లు మిగిలాయో చెప్పే ఫంక్షన్ సీలో ఏదన్నా?" అన్నాడు. లేదు అన్నాను. నమ్మలేదు. "ఏదో ఒకటి ఉండాలి కదన్నా, లేకపోతే అందరూ ఎలా చదువుతున్నారు?" అన్నాడు. వీడికి తెలీక లేదంటున్నాడు అన్న అనుమానం వాడి మొహంలో స్పష్టంగా కనబడింది.

వాణ్ణి తప్పు పట్టట్లేదు. పదేళ్ళ కిందట నేనూ అదే అడిగాను. అప్పుడు నన్ను కూర్చోబెట్టి నాలుగు తిట్టాల్సినవాళ్ళు తిట్టకుండా మార్కులేశారు. ఈ టపా వాళ్ళ మీద. కోడు పెట్టను. పెడితే కాపీ కొట్టుకుని పోతారు, చుట్టూ రాసింది చదవరు. నేనూ అంతే కాబట్టి చెప్తున్నా :)

మాది పలాస. హౌరా-చెన్నై లైను ఊరిని ఆనుకునే పోతుంది. గేటు దగ్గర సైకిలు దిగి నిలబడి, గూడ్సు పెట్టెలు లెక్కపెట్టని పిల్లాడు మా వైపు ఉండడు. ఎన్ని లెక్కపెట్టినా ఇంకా ఎన్నున్నాయో మాత్రం తెలీదు. గేటుమేన్ని అడిగినా చెప్పలేడు. వెళ్ళినవి తెలుసు, ఎదురుగా ఉన్నది తెలుసు. రాబోయేవి వస్తేనే తెలుస్తాయి. చివర గార్డు పెట్టె వెళ్ళాకే (2022 నుంచి గార్డుని ట్రైన్ మేనేజరు అనాలిట) బండి అయిపోయిందని ఒప్పుకుంటాం. స్ట్రీము అంటే అచ్చంగా ఇదే. సీ భాష ఇందులో మోసమేమీ చెయ్యలేదు. "నువ్వు అడుగు, ఉన్నంత ఇస్తాను, ఎంత ఇచ్చానో చెప్తాను" అంటుంది. ఎంత ఇచ్చిందో చూసుకోవడం మానేసి ఇంకా ఎంతుందో చెప్పమని దాని పీకలమీద కూర్చున్నది మనమే.

మా కాలేజీ ల్యాబు మాన్యువల్లో ఫైళ్ళ చాప్టరు మొత్తం ఒకే మంత్రం మీద నడిచేది: వైల్ నాట్ ఎఫ్ఈఓఎఫ్. ఫైలు అయిపోనంతసేపూ చదువు అని దాని భావం. వినడానికి ఎంత బావుందో! తెలుగులోకి మార్చినా తప్పు కనబడదు. నీలం తెర టర్బో సీలో దాన్ని టైపు చేశాం, రికార్డులో రాశాం, ఎర్ర సిరాతో సంతకం పెట్టించుకున్నాం.

2018 వేసవిలో, మూడో సంవత్సరం సెలవుల్లో, మా మావయ్యకి తెలిసిన ఒకాయన జీడి ఫ్యాక్టరీకి ఓ చిన్న ప్రోగ్రాము రాసిపెట్టాను. పలాసలో ఆడవాళ్ళు జీడిపప్పు మీద పొర తీసి కిలోల లెక్కన కూలి తీసుకుంటారు. సాయంత్రం వరసలో నిలబడి ఎవరి పప్పు వాళ్ళు తూయించుకుంటారు. ఒక ప్రోగ్రాము మనిషి నంబరూ కిలోలూ ఫైల్లోకి రాస్తుంది. ఇంకోటి వారం చివర చదివి ఎవరికెంతో చెప్తుంది. అంతే. ఇంట్లో పది లైన్ల ఫైలు చేసి చూసుకున్నాను, లెక్క అణా పైసలతో సరిపోయింది. మావయ్య నన్ను ఫ్యాక్టరీ అంతా తిప్పి "మా మేనల్లుడే" అని చూపించుకున్నాడు కూడా.

రెండు వారాలయ్యాక కూలి లెక్కకీ, డబ్బాల్లోకెక్కిన పప్పుకీ పొత్తు కుదరలేదు. గుమస్తా వెతికితే తేడా అంతా ఒకావిడ పేరు మీదే తేలింది. మూలన కూర్చునేది, రోజూ వరసలో ఆఖరున వచ్చేది. రోజూ ఆవిడ తూకం రెండుసార్లు పడింది. కాటా దగ్గర కుర్రాడితో కుమ్మక్కయిందన్నారు. "నాకేటి తెల్దు బాబూ. మీరే తూసినారు, మీ మిసనే రాసింది. నానొక్క గింజ ఎక్కువెట్టనేదు" అంది. వినలేదు. మిషను తప్పు చెప్పదు కదా! నాలుగు రోజులు పనిలోకి రానివ్వలేదు, ఎక్కువిచ్చినదంతా ఆ వారం కూలిలో పట్టుకున్నారు.

నేను ఐదో రోజు వెళ్ళి చూశాను. దొంగ ఎవరో పది నిమిషాల్లో దొరికాడు.

ఎఫ్ఈఓఎఫ్ భవిష్యత్తు చెప్పదు. "ఇంతకుముందు నువ్వు చదవబోతే చివర తగిలిందా?" అన్న ప్రశ్నకి మాత్రమే జవాబు చెప్తుంది. ఆఖరి రికార్డు చదివేశాక కూడా ఇంకా చివర తగల్లేదు కాబట్టి "లేదు" అంటుంది. మన మంత్రం ఇంకోసారి తిరుగుతుంది. ఎఫ్‌స్కాన్ఎఫ్ ఈసారి ఏమీ చదవలేక వెనక్కొచ్చి, "చివరికొచ్చేశాను" అని చేతిలో పెడుతుంది. మనం ఆ చేతివంక చూడం. వేరియబుల్లో పాత నంబరూ పాత కిలోలూ అలాగే ఉంటాయి, వాటినే మళ్ళీ కూడతాం. అందుకే ఎప్పుడూ ఆఖరివాళ్ళే రెండుసార్లు పడతారు.

మరి ఇంట్లో ఎందుకు పనిచేసింది? ఇక్కడే ఉంది తిరకాసు. ఇంట్లో ఫైలు చేత్తో టైపు చేశాను, ఆఖరి లైను తర్వాత ఎంటర్ కొట్టలేదు. ఎంటర్ లేకపోతే, చివరి అంకె చదువుతూ ఉండగానే ఎఫ్‌స్కాన్ఎఫ్ ఫైలు చివర తగులుతుంది, జెండా అప్పుడే ఎగురుతుంది, మంత్రం సరిగ్గా ఆగుతుంది. ఫ్యాక్టరీలో ప్రతి తూకం తర్వాతా ప్రోగ్రామే ఎంటర్ రాస్తుంది. ఒక్క కనబడని బైటు! దాని మీద ఒక మనిషి నిజాయితీ ఆధారపడింది. ల్యాబుల్లో ఈ తప్పు ఏళ్ళ తరబడి ఎందుకు దొరకట్లేదో కూడా దీంతోనే అర్థమవుతుంది. ఐదు లైన్లు టైపు చేసి, ఎంటర్ కొట్టకుండా సేవ్ చేసి, "అవుట్‌పుట్ వెరిఫైడ్" అని సంతకం పెట్టేస్తే ఇంకెక్కడ దొరుకుతుంది?

కిలోలుండాల్సిన చోట పొరపాటున ఓ అక్షరం పడిందనుకోండి, ఇంకా తమాషా. ఎఫ్‌స్కాన్ఎఫ్ అక్కడే మొరాయిస్తుంది, ముందుకి కదలదు, చివర ఎప్పటికీ తగలదు, లూపు ఎప్పటికీ ఆగదు.

"సీ భాషే అంత, కష్టం" అనేవాళ్ళకి ఒక మాట. కెర్నిఘన్, రిచీ 1978లో రాసిన పుస్తకం మొదటి అధ్యాయంలోనే ఒక్కో అక్షరం చదివి, చదవగా వచ్చినదాన్ని చివరి గుర్తుతో పోల్చి, కాకపోతేనే వాడుకునే లూపు ఉంది. ముందు చదువు, ఏమొచ్చిందో చూడు, తర్వాత వాడు. ఆ అక్షరాన్ని చార్‌లో కాకుండా ఇంట్‌లో ఎందుకు పెట్టుకోవాలో కూడా అక్కడే చెప్పారు. పాస్కల్లో చివరొచ్చిందా అన్న ప్రశ్నకి చదవకముందే సరైన జవాబొస్తుంది, ఆ అలవాటు మీద సీకి వచ్చినవాళ్ళు పొరబడ్డారంటే అర్థం చేసుకోవచ్చు. మా మాన్యువల్ రాసినవాళ్ళకి ఆ సాకు కూడా లేదు. ఎవరో రాసింది ఇంకెవరో దించారు. ఎఫ్ఈఓఎఫ్ పనికిరానిదని కాదు. చదవడం విఫలమయ్యాక, "అయిపోయి ఆగావా, లోపమొచ్చి ఆగావా?" అని అడగడానికి పెట్టారు దాన్ని. శవపరీక్షకి పెట్టిన కత్తితో కూరలు తరగమని నేర్పుతున్నారు.

మా కుర్రాడు నా దగ్గర్నుంచి వెళ్ళి ఊరుకోలేదు. సోమవారం రెండు ఉపాయాలు పట్టుకొచ్చాడు. మొదటిది, ఎఫ్‌సీక్‌తో ఫైలు చివరికెళ్ళి, ఎఫ్‌టెల్‌తో ఎక్కడున్నామో అడిగి, తీసివేత చెయ్యడం. డిస్కు మీదున్న మామూలు ఫైలుకి చాలాసార్లు పనిచేస్తుంది, ఒప్పుకుంటా. పైపు మీద చేస్తే మైనస్ ఒకటొస్తుంది. లినక్స్‌లో ప్రాక్ కింద ఉన్న ఫైళ్ళ సైజు సున్నా అని చూపిస్తుంది, చదివితే పేజీలకి పేజీలొస్తాయి. విండోస్‌లో లాంగ్ ఇప్పటికీ నాలుగు బైట్లే కాబట్టి రెండు జీబీ దాటితే ఎఫ్‌టెల్ చేతులెత్తేస్తుంది. వీటన్నిటికంటే ముఖ్యం, నువ్వు కొలిచిన తర్వాత చదివేలోపు ఇంకొకడు ఆ ఫైల్లోకి రాస్తుండొచ్చు. కొలత నిన్నటిది, చదవడం ఇవాళ్టిది.

రెండోది సాకెట్టు మీద ఎఫ్ఐఓఎన్‌రీడ్. "ఇదిగో అన్నా, లేదన్నావుగా!" అన్నాడు గర్వంగా. అది చెప్పేది ఈ క్షణాన కెర్నెల్ దగ్గర ఎన్ని బైట్లు పోగుపడ్డాయో. అవతలివాడు ఇంకా ఎన్ని పంపుతాడో దానికేం తెలుసు? వీడు ఆ అంకెనే మెసేజి పొడుగు అనుకుని కోడు రాసేశాడు. సర్వరూ క్లయింటూ ఒకే లాప్‌టాప్ మీద కాబట్టి పంపింది పంపినట్టు ముక్కలవకుండా వచ్చింది, టెస్టులన్నీ పచ్చగా వెలిగాయి. మొబైల్ నెట్‌వర్కు మీద పెట్టి చూపించమన్నాను. మెసేజి ఒకసారి సగమొచ్చింది, ఒకసారి ఒకటిన్నరొచ్చింది. టీసీపీ బైట్ల వరస చెడకుండా తెస్తానని మాటిచ్చింది గానీ, నువ్వు కట్టిన మూటలు విప్పకుండా తెస్తానని ఎప్పుడూ అన్లేదు. 1981 నాటి పత్రంలోనూ లేదు, దాని స్థానంలో 2022లో వచ్చినదాంట్లోనూ లేదు.

ఇక్కడే ఇంకో సంగతి. అయిపోవడం వేరు, తెగిపోవడం వేరు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎలా పడిపోయాయో చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, చూడనివాళ్ళకి చెప్పినా తెలీదు. ముందురోజు సాయంత్రం ఆ ఫ్యాక్టరీలో తూకాలు రాస్తుండగా కరెంటు పోయింది. మళ్ళీ కంప్యూటరు వెలిగేసరికి చాలా రోజులు పట్టింది. వెలిగాక నా ప్రోగ్రాము (అప్పటికి మంత్రం తీసేసి సరిదిద్దిందే) ఏ గొడవా లేకుండా ఆ వారం కూలి లెక్క కట్టింది. తప్పు లెక్క. ప్రోగ్రాము రాసిన ప్రతి లైనూ వెంటనే డిస్కుకి వెళ్ళదు, బఫర్లో పోగయ్యి బ్లాకులుగా వెళ్తుంది. కరెంటు పోయేసరికి బఫర్లో ఉన్నది ఉన్నట్టే పోయింది. ఆఖరి లైను 7.850 దగ్గర 7 వరకే ఉంది, దాని తర్వాత తూయించుకున్నవాళ్ళు అసలే లేరు. ప్రోగ్రాముకి అది కూడా ఫైలు చివరే! ఇల్లు కూలిపోయినవాళ్ళకి ఆ వారం కూలి ఎంత అవసరమో మీరే ఆలోచించండి.

కాపాడింది గుమస్తా. ఆ ఆఖరావిడ గొడవైన దగ్గర్నుంచి ఆయన నా మిషన్ని నమ్మడం మానేసి, పక్కన చేత్తో పుస్తకం రాస్తున్నాడు. రోజు చివర గీత కొట్టి, గీత కింద తూకాలెన్నో, మొత్తం కిలోలెన్నో వేసేవాడు. నాలుగేళ్ళ ఇంజనీరింగులో నాకెవరూ చెప్పనిది ఆయన పుస్తకంలో ఉంది. చివర ఎక్కడో డేటానే చెప్పాలి. ఏదో ఒకటి అయిపోయింది కదా అని మనం ఊహించుకోకూడదు.

రైల్వేవాళ్ళకి ఇది ఎప్పట్నుంచో తెలుసు. ఆఖరి పెట్టె వెనక ఎల్వీ అని బోర్డుంటుంది, రాత్రిపూట ఎర్ర దీపం. ఆ గుర్తు చూడందే బండి మొత్తం వచ్చిందని స్టేషన్ మాస్టరు ఒప్పుకోడు. పెట్టెలు రావడం ఆగిపోయాయి కాబట్టి బండి అయిపోయింది అనుకుంటే, మధ్యలో కప్లింగు తెగి సగం బండి లైను మీదే ఉండిపోయినా వెనక బండిని వదిలేస్తాడు. ఇంకో పద్ధతి యాక్సిల్ కౌంటరు. సెక్షన్లోకి వెళ్ళిన ఇరుసులెన్నో, బయటికొచ్చినవెన్నో లెక్కపెట్టి, సరిపోతేనే లైను ఖాళీ అంటుంది. ప్రోటోకాల్ రాసేవాడికి ఉన్న దారులు కూడా ఇవే రెండు: చివర ఒక గుర్తు, లేకపోతే మొదట్లో ఒక లెక్క. హెచ్‌టీటీపీలో కంటెంట్ లెంగ్త్ లెక్క లాంటిది, ముక్కలుగా పంపేటప్పుడు ఆఖర్న వచ్చే సున్నా ముక్క ఎల్వీ బోర్డు లాంటిది. రెండూ లేకుండా "కనెక్షన్ మూశాడు కాబట్టి అయిపోయినట్టే" అనుకునే కోడుని నేను రివ్యూలో పాస్ చెయ్యను. ఆఫీసులో నాకు మంచిపేరు లేకపోవడానికి ఇదో కారణం.

ఇంతవరకూ "మిగిలింది ఎంత అని అడక్కు" అన్నాను. ఇప్పుడు అడిగి తీరాల్సిన చోటు. వీధి కుళాయి కింద బిందె పెట్టినావిడ పైపులో ఎన్ని నీళ్ళున్నాయని అడగదు, బిందె నిండిందా అని మాత్రం కన్నార్పకుండా చూస్తుంది. (ఉద్దానంలో నీళ్ళ మాటెత్తితే టపా ఇంకో దారి పడుతుంది, అది ఇంకోసారి.) చదివి తెచ్చుకున్న బైట్లు బఫర్లో మన చేతిలో ఉన్నాయి. ఎక్కడ మొదలో, ఎక్కడ చివరో మనకే తెలుసు. ఇక్కడ ప్రతి అడుగుకీ ముందు ఎంత మిగిలిందో చూసుకోవాలి. మనవాళ్ళు సరిగ్గా ఇక్కడే చూడరు! తెలీని చోట నూటొక్కసార్లు అడిగి, తెలిసిన చోట గుడ్డిగా నడుస్తారు.

మనవాళ్ళే కాదు లెండి. 2014 ఏప్రిల్ 7న బయటపడ్డ హార్ట్‌బ్లీడ్ సంగతి ఇదే. ఓపెన్ఎస్ఎస్ఎల్‌కి ఒక పలకరింపు పంపొచ్చు: "ఇదిగో ఇంత పొడుగు మాట, మళ్ళీ నాకే పంపు" అని. పొడుగు చెప్పడానికి రెండు బైట్లు. అంటే 65535 దాకా చెప్పొచ్చు. పంపేవాడు ఒకే బైటు పంపి 65535 అని అబద్ధమాడితే, వచ్చినదాంట్లో అన్ని మిగిలాయా అని చూడకుండా మెమ్‌కాపీ చేసేసింది. పక్కన మెమరీలో పాస్‌వర్డులున్నాయో తాళాలున్నాయో అవీ కట్టి పంపించింది. 2012 మార్చిలో వచ్చిన 1.0.1 తో మొదలై రెండేళ్ళు ఎవరికీ కనబడలేదు. మందు ఎంత? చెప్పిన పొడుగు వచ్చిన రికార్డు కంటే ఎక్కువైతే పారెయ్ అనే పోలిక. 2017 ఫిబ్రవరిలో క్లౌడ్‌ఫ్లేర్‌కీ ఇలాంటిదే జరిగింది. అక్కడ పోలిక ఉంది పాపం, చివరికి "సమానమా" అని ఉంది. పాయింటరు చివరని ఒక్క గెంతులో దాటేసింది, ఇంక సమానం ఎప్పటికవుతుంది?

పోలిక రాయడంలోనూ ఓ మెలిక. "ఇక్కడ్నుంచి పొడుగు కూడితే చివర దాటుతుందా" అని రాయకండి. బఫరు దాటిన పాయింటరు తయారుచెయ్యడమే సీలో చెల్లని పని, ఆ పోలికని కంపైలరు తీసేసినా దాన్ని అడిగేవాడు లేడు. "చివర్లోంచి ఇక్కడికి తీసేస్తే మిగిలినదాని కంటే పొడుగు ఎక్కువా" అని రాయండి. కూడిక కాదు, తీసివేత.

తెలుగువాళ్ళకి ఇది ఇంకాస్త దగ్గరి విషయం. యూటీఎఫ్-8లో మన అక్షరాలకీ గుణింతాలకీ పొల్లుకీ ఒక్కోదానికీ మూడేసి బైట్లు. టెక్కలి అన్న పేరుకి 21 బైట్లు. పేరుకి ఇరవై బైట్లు చాల్లే అని ఫీల్డు పెట్టినవాడు, ఆఖరి సున్నాకి ఒకటి పోగా, "టెక్కల" దాకా వచ్చి గుడి దగ్గర ఒక్క బైటు మింగి వదిలేస్తాడు. తెర మీద నల్ల డైమండులో ప్రశ్నార్థకం. వరసగా తెలుగే ఉన్న ఫైలుని 1024 చొప్పున చదివితే 341 పోగా ఒక బైటు మిగులుతుంది. ఆ మిగిలినదాన్ని తర్వాతి విడతకి దాచిపెట్టాలి. అది చెయ్యనివాడు "తెలుగు సపోర్టు లేదండి" అంటాడు. నీ కోడుకి కూడిక సపోర్టు లేదు నాయనా! 2018 ఫిబ్రవరిలో, మధ్యలో కనబడని సంకేతమొకటి ఇరికిన "జ్ఞా" కనబడితే ఐఫోన్లు కుప్పకూలినప్పుడు కూడా అంతే, మన లిపి మీద ప్రపంచమంతా జోకులేసింది. ఆపిల్ ఫిబ్రవరి 19న 11.2.6 విడుదల చేస్తూ రాసింది మాత్రం మెమరీ పాడవుతోందనీ, వచ్చే డేటాని ఇంకా బాగా తనిఖీ చేసేలా మార్చామనీ. తనిఖీ చెయ్యనిది లిపి కాదు కదా.

"ఈ రోజుల్లో సీ ఎవడు రాస్తున్నాడండీ, అంతా జావా, పైథాన్" అని ఎవరో ఒకరు అంటారని తెలుసు. జావాలో ఇన్‌పుట్ స్ట్రీముకి అవైలబుల్ అని ఒక మెథడుంది, అదే పాత ప్రశ్న. దీని అంకెని నమ్మి మొత్తం డేటాకి బఫరు కేటాయించడం ఎప్పుడూ సరికాదని దాని డాక్యుమెంటులోనే రాశారు. చదివినవాళ్ళెంతమంది? పైథాన్‌లో సాకెట్టు మీద వెయ్యి బైట్లడిగితే పదొచ్చినా అది తప్పు కాదు. భాష మారింది, గేటు దగ్గర నిలబడి ఎదురుగా లేని పెట్టెలు లెక్కపెట్టే అలవాటు మారలేదు.

ఇంక "కాలేజీ ప్రోగ్రామే కదా, అంత పట్టింపెందుకు" అనేవాళ్ళకి. ఆ ఆఖరావిడని మళ్ళీ పనిలోకి రమ్మన్నారు. తప్పు ప్రోగ్రాముదని నేను యజమాని దగ్గర చెప్పాను. పట్టుకున్న కూలిలోంచి మళ్ళీ ఇవ్వాల్సిందేం లేదన్నాడాయన, నిజంగానే ఎక్కువిచ్చింది కాబట్టి. కానీ రానివ్వని నాలుగు రోజుల కూలి? అది ఎవరూ ఇవ్వలేదు. నేనూ ఇవ్వలేదు. అప్పటికి నాకది తట్టను కూడా తట్టలేదు. బగ్ దొరికిందన్న సంతోషంలో ఉన్నాను.

ఈ మధ్య ఊరెళ్ళినప్పుడు మా పిన్ని కూతురి ల్యాబు రికార్డు చూశాను. వేరే కాలేజీ. ఎనిమిదో ప్రోగ్రాములో అదే మంత్రం, పక్కన అదే ఎర్ర సిరా. కూర్చోబెట్టి, చివర ఎంటర్ ఉన్న ఫైలు ఇచ్చి, ఆఖరి పేరు రెండుసార్లు రావడం చూపించాను. వెంటనే పట్టేసింది. దిద్దుకుని వెళ్ళి చూపిస్తే, మాన్యువల్లో ఉన్నట్టే రాయాలన్నారట. "ఏటి సెయ్యమంటావన్నయ్యా?" అని ఫోన్ చేసింది. రికార్డులో వాళ్ళది రాసి, పరీక్షలో నేను చెప్పింది రాయమన్నాను. ఇంకా మార్కులు రాలేదు.